అంత్యక్రియల దగ్గర నిరసన: వాక్ స్వాతంత్ర్యం ఎంత దూరంలో ఆగాలి?

1. వాదప్రియ

అమెరికా సుప్రీంకోర్టు 2011 మార్చి 2న ఇచ్చిన స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్ తీర్పు మళ్లీ చదివాను. తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, మనసు మాత్రం ఒప్పుకోదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి అనే చిన్న సంఘం ఉంది. అందులో ఎక్కువమంది ఒకే కుటుంబంవారు. స్వలింగ సంపర్కాన్ని సహిస్తున్నందుకు దేవుడు అమెరికాను శిక్షిస్తున్నాడనీ, యుద్ధంలో సైనికులు చనిపోవడం ఆ శిక్షలో భాగమేననీ వారి నమ్మకం. ఆ మాట లోకానికి చెప్పడానికి వారు ఎంచుకున్న చోటు అంత్యక్రియలు. తీర్పు నాటికి ఇరవై ఏళ్లలో దాదాపు 600 అంత్యక్రియల దగ్గర ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు.

ఇరాక్‌లో మరణించిన మాథ్యూ స్నైడర్ అనే మెరైన్ సైనికుడి అంత్యక్రియలు 2006 మార్చిలో మేరీల్యాండ్‌లో జరిగాయి. అక్కడికీ వచ్చారు. "సైనికులు చనిపోతున్నందుకు దేవుడికి కృతజ్ఞతలు" అన్నది వారి ప్లకార్డుల్లో ఒకటి. తండ్రి ఆల్బర్ట్ స్నైడర్ దావా వేశారు. జ్యూరీ ఆయనను గెలిపించింది, అప్పీలు కోర్టు ఓడించింది, సుప్రీంకోర్టు 8–1తో చర్చి పక్షాన తీర్పు చెప్పింది.

మాట ఎంత నీచమైనదైనా శిక్షించకూడదని ఒప్పుకుందాం. అయితే చోటు, సమయం చూడకూడదా? చూస్తే ఎంతవరకు?

2. శారద_ఎం

వాదప్రియ గారూ, తర్కంలో తప్పు లేదని దూరంగా కూర్చుని అనడం తేలిక. సభ చెడిపోతే మరో రోజు పెట్టుకుంటారు. కొడుకును సాగనంపడం మళ్లీ రాదు. ఆ ఒక్క గంట ఆ తండ్రిదేనని ఒప్పుకోవడానికి తొమ్మిది మందిలో ఒక్క న్యాయమూర్తికే మనసు వచ్చింది. ఆయన జస్టిస్ అలీటో.

వారికి మాట్లాడే చోటు కరువా? అదే రోజు మేరీల్యాండ్ శాసనసభ భవనం ముందు, నౌకాదళ అకాడమీ దగ్గర కూడా ప్లకార్డులు పట్టుకున్నారు. దేశ విధానం మీద కోపముంటే అవి సరైన చోట్లే. తర్వాత అంత్యక్రియలు జరిగే చర్చికి ఎందుకు వెళ్లాలి? అలీటో తన అసమ్మతి తీర్పులో ఒక విషయం గుర్తు చేశారు. 2006లో పెన్సిల్వేనియాలో కాల్పుల్లో చనిపోయిన ఆమిష్ బాలికల అంత్యక్రియలకు రాకుండా ఉండడానికి ఈ చర్చి రేడియోలో సమయం పుచ్చుకుంది. శోకంలో ఉన్నవారిని బేరానికి పెట్టినవారిని మత ప్రచారకులని నేను అనలేను.

3. పాతన్యాయవాది

శారద గారి ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ వార్తల్లో చదివినవారు చాలామంది జరిగింది వేరేగా ఊహించుకుంటారు. చర్చి గుమ్మంలో కేకలు వేశారనీ, శవపేటికకు అడ్డం పడ్డారనీ అనుకుంటారు. రికార్డులో ఉన్నది ఇది.

వచ్చినవారు ఏడుగురు: వెస్ట్‌బరో చర్చి పాస్టరు ఫ్రెడ్ ఫెల్ప్స్, ఆయన ఇద్దరు కుమార్తెలు, నలుగురు మనవలు, మనవరాళ్లు. అంత్యక్రియలు జరిగే చర్చికి సుమారు 1000 అడుగుల దూరంలో, పోలీసులు చూపించిన ప్రభుత్వ స్థలంలో, కంచె వెనక నిలబడ్డారు. ప్రార్థన మొదలుకాక ముందు దాదాపు అరగంట సేపు. మధ్యలో కొన్ని భవనాలు. శవయాత్ర వారికి 200 నుంచి 300 అడుగుల దూరం నుంచి వెళ్లినప్పుడు తండ్రికి ప్లకార్డుల పైఅంచులు కనిపించాయి, రాతలు కనిపించలేదు. అవి ఏమిటో ఆ రాత్రి టీవీ వార్తల్లో చూశారు. ప్రార్థనకు అంతరాయం కలగలేదు, హింస జరగలేదు, ఎవరూ చర్చిలోకి గాని శ్మశానంలోకి గాని అడుగుపెట్టలేదు.

జ్యూరీ 29 లక్షల డాలర్ల నష్టపరిహారం, శిక్షగా మరో 80 లక్షల డాలర్లు విధించింది. శిక్ష మొత్తాన్ని జిల్లా జడ్జి 21 లక్షలకు తగ్గించారు. అప్పీలు కోర్టు అంతా కొట్టేసింది. పైగా అప్పీలు ఖర్చుల కింద 16 వేల డాలర్లకు పైగా ఆ తండ్రే చర్చికి చెల్లించాలంది. నన్ను అడిగితే ఈ మొత్తం వ్యవహారంలో మనసును ఎక్కువగా కలచివేసేది ఆ ఖర్చుల ఉత్తర్వు.

ఇక సుప్రీంకోర్టు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాసినదంతా ఒక ఊహ చుట్టూ తిరుగుతుంది. సరిగ్గా అదే చోట, అదే సమయంలో, అంతే దూరంలో కొందరు "దేవుడు అమెరికాను దీవించుగాక" అని ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉంటే వారి మీద దావా నడిచేదా? నడిచేది కాదు. అంటే శిక్ష పడింది నిలబడినందుకు కాదు, రాసినదానికి. రాసినదానికి శిక్ష వేయాలా వద్దా అన్నది జ్యూరీలో కూర్చున్న కొద్దిమంది సామాన్యుల అసహ్యానికి వదిలేస్తే, రేపు వారికి నచ్చని ప్రతి మాటకూ శిక్ష పడుతుంది. 1988లో హస్ట్లర్ పత్రిక మీద మత ప్రచారకుడు ఫాల్వెల్ వేసిన దావాలో ఇదే కోర్టు ఏకగ్రీవంగా చెప్పిన మాట కూడా ఇదే.

4. గట్టుమీద

న్యాయవాది గారు ఫీజు తీసుకోకుండా ఇంత రాశారంటే తీర్పు నిజంగా నచ్చిందన్నమాట.

నాదొక సందేహం. 1000 అడుగుల దూరంలో, అరగంట సేపు, పోలీసులు చెప్పిన చోట. ఇంత బుద్ధిగా తప్పు చేసేవారిని నేను ఎక్కడా చూడలేదు. ఇది భక్తా, న్యాయశాస్త్రమా?

5. శారద_ఎం

గట్టుమీద గారు నవ్వుతూనే అసలు విషయం పట్టుకున్నారు. ఫ్రెడ్ ఫెల్ప్స్ న్యాయవాది. 1979లో కాన్సాస్ కోర్టు ఆయన లైసెన్సు రద్దు చేసింది. పిల్లల్లో చాలామంది న్యాయవాదులే. సుప్రీంకోర్టులో చర్చి తరఫున వాదించింది ఆయన కుమార్తె మార్జీ ఫెల్ప్స్. చట్టం గీసిన గీత ఎక్కడుందో వారికి అంగుళం లెక్కన తెలుసు. గీతకు ఇవతల నిలబడి ఎంత గాయం చేయవచ్చో కూడా తెలుసు. అందుకే "నియమాలన్నీ పాటించారు" అన్న వాదన నన్ను కదిలించదు.

ఇంకోటి. ప్లకార్డుల్లో కొన్ని దేశం గురించి, సైన్యం గురించి. సరే. "నువ్వు నరకానికి పోతావు" అన్నది ఎవరి గురించి? ఆ రోజు ఆ ఊళ్లో శవపేటికలో ఉన్నది ఒక్కడే.

6. పాతన్యాయవాది

ఆ ప్రశ్నను కోర్టు దాటవేయలేదు. ఒకటి రెండు ప్లకార్డులు వ్యక్తిగతంగా ఆ కుటుంబానికి తగిలేలా ఉన్నాయని అనుకున్నా, మొత్తంగా చూస్తే ప్రధాన విషయం దేశ నైతికత, సైన్యం విధానం, కేథలిక్ చర్చిలోని కుంభకోణాలు వంటి బహిరంగ అంశాలేనంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, అలీటో ఒప్పుకోలేదు. "ఏడింటిలో ఆరు దేశం గురించి ఉంటే ఏడోదాన్ని క్షమించాలా?" అన్నది ఆయన ధోరణి. ఆ బలహీనత తీర్పులో ఉంది, నేను దాచను.

అయితే ఫ్రెడ్ ఫెల్ప్స్ ఒకప్పుడు నల్లజాతివారి పౌరహక్కుల కేసులు వాదించి పేరు తెచ్చుకున్న మనిషి. మనిషిని బట్టి హక్కు ఇచ్చే పద్ధతి పెడితే ఏ సంవత్సరపు ఫెల్ప్స్‌ను చూసి ఇవ్వాలి?

7. మైలురాయి

మీరిద్దరూ మాట దగ్గర ఆగిపోయారు. శాసనసభలు మాటను వదిలేసి అడుగులు కొలవడం మొదలుపెట్టాయి. పనికొచ్చే సంగతి అక్కడుంది.

మాథ్యూ స్నైడర్ అంత్యక్రియల నాటికి మేరీల్యాండ్‌లో అంత్యక్రియల నిరసనల మీద చట్టమే లేదు. తీర్పు వచ్చే సరికి మేరీల్యాండ్‌తో కలిపి 44 రాష్ట్రాల్లో ఉంది. 2006 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జాతీయ శ్మశానవాటికల దగ్గర అంత్యక్రియలకు గంట ముందు నుంచి ముగిసిన గంట వరకు నిరసనలను దూరం పెట్టే చట్టం తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఇతర చోట్ల జరిగే సైనికుల అంత్యక్రియలకు కూడా విస్తరించింది, 2012లో ఆ గంటను రెండు గంటలు చేసింది. రాబర్ట్స్ స్వయంగా తన తీర్పులో తలుపు తెరిచి ఉంచారు: ఇలాంటి చట్టాలు చెల్లుతాయో లేదో ఈ కేసులో తేల్చడం లేదు, సమయం, చోటు, తీరు మీద సహేతుకమైన నియమాలు పెట్టడం మాత్రం ప్రభుత్వానికి కొత్త కాదు అని.

కింది కోర్టులు ఆ తలుపులోంచి నడిచాయి. ఒహాయోలో 300 అడుగులు, గంట ముందు నుంచి గంట తర్వాత వరకు అన్న చట్టాన్ని అప్పీలు కోర్టు 2008లోనే నిలబెట్టింది. మిస్సోరీలోని మాంచెస్టర్ పట్టణం పెట్టిన 300 అడుగుల నియమం 2012లో నిలబడింది. నెబ్రాస్కా 500 అడుగుల చట్టం 2017లో నిలబడింది. ఒహాయో చట్టంలో శవయాత్ర సాగే దారి పొడవునా నిషేధం పెట్టిన భాగాన్ని మాత్రం జిల్లా కోర్టు కొట్టేసింది. శవపేటికతో పాటు నిషేధం కూడా కదులుతూ పోతే, దారి పక్కన నిలబడినవాడు ఏ క్షణంలో నేరస్థుడవుతాడో వాడికే తెలియదు.

ఇల్లు అన్నదానికి ఉన్న రక్షణే ఇక్కడ ఆధారం. 1988లో విస్కాన్సిన్‌లో ఒక వైద్యుడి ఇంటి ముందు గుంపుగా నిలబడి నిరసన తెలపడాన్ని నిషేధించిన నియమాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఇంట్లో ఉన్నవాడు తప్పించుకు పోయే చోటు లేదు, వినక తప్పదు అన్నది కారణం. అంత్యక్రియల్లో ఉన్నవారికీ అంతే, లేచి వెళ్లిపోయే వీలు లేదు.

8. రెండోఆలోచన

మైలురాయి గారూ, లెక్క వేయండి. మీరు చెప్పిన చట్టాలు 300 అడుగులు అంటున్నాయి. మహా అయితే 500. ఫెల్ప్స్ నిలబడింది 1000 అడుగుల దూరంలో. అంటే మీరు చెప్పిన ఏ చట్టమూ ఆ రోజు ఆ తండ్రికి పనికొచ్చేది కాదు. ఈ రాష్ట్రాలు తాము చూసి కోపం తెచ్చుకున్న సంఘటనను ఆపలేని చట్టాలు చేశాయి. ఇది పరిష్కారమా, ఊరటా?

9. మైలురాయి

ఆ కేసుకు పనికొచ్చేది కాదు, నిజం. తర్వాతి వందల కుటుంబాలకు పనికొచ్చింది. 1000 అడుగుల నుంచి 300కు జరిగి రాకుండా ఆపింది. కంటికి కనిపించని చోటికి, చెవికి వినిపించని చోటికి నిరసనను జరపగలిగితే చట్టం పని అయిపోయినట్టే. ఆ తర్వాత టీవీ చూడడం, చూడకపోవడం మన చేతిలో ఉంది.

10. రెక్కలు

చట్టం చేయలేని పని కొందరు మామూలు మనుషులు చేశారు, అది ఎవరూ చెప్పడం లేదు.

1998లో వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని స్వలింగ సంపర్కుడన్న ద్వేషంతో చంపేశారు. అంత్యక్రియలకు ఈ చర్చివారు వచ్చారు. మరుసటి ఏడాది హంతకుల విచారణ దగ్గరికీ వచ్చారు. అప్పుడు అతని స్నేహితులు తెల్లబట్టతో ఎత్తైన, వెడల్పైన దేవదూత రెక్కలు చేసి తగిలించుకుని, ప్లకార్డులకు వీపు పెట్టి వరుసగా నిలబడ్డారు. ఒక్క మాట అనలేదు. రాతలు కనబడకుండా పోయాయి. 2016లో ఒర్లాండో నైట్‌క్లబ్ కాల్పుల మృతుల అంత్యక్రియల్లోనూ అవే రెక్కలు లేచాయి. సైనికుల అంత్యక్రియల దగ్గర 2005 నుంచి మోటారు సైకిళ్లవారు జెండాలు పట్టుకుని గోడలా నిలబడుతున్నారు.

2014 మార్చిలో ఫ్రెడ్ ఫెల్ప్స్ చనిపోయారు. కొద్ది రోజులకే చర్చివారు కాన్సాస్ సిటీలో ఒక సంగీత కచేరీ దగ్గర ప్లకార్డులతో నిలబడితే, రోడ్డుకు అవతలివైపు నుంచి ఎవరో బ్యానరు ఎత్తారు: "మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నాం." దీనికి మించిన తీర్పు ఏ కోర్టు ఇస్తుంది?

11. శారద_ఎం

రెక్కలు గారూ, చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. కానీ ఆ ఏర్పాటులో బరువు ఎవరి మీద పడిందో చూడండి. స్నేహితుడు చనిపోయిన బాధలో ఉన్నవారే బట్టలు కుట్టుకుని కాపలా కాయాలి. స్నేహితులు లేనివాడి అంత్యక్రియలకు రెక్కలు ఎవరు తెస్తారు?

12. గట్టుమీద

నాదింకో సందేహం. మాట ఏమిటో చూడని నియమమే మంచిదని ఇందాక న్యాయవాది గారు చెప్పారు. అలాగైతే 300 అడుగుల నియమం ఆ మోటారు సైకిళ్ల హోరుకూ వర్తించాలిగా? అవతలివారిని ఆపి ఇవతలివారిని ఆపకపోతే నియమం మాటను చూస్తున్నట్టే.

13. పాతన్యాయవాది

మంచి ప్రశ్న. 2006 చట్టం రాసినవారు దీనికి ఒక దారి వెతికారు. "అంత్యక్రియల్లో భాగం కాని" శబ్దం, అలజడి అన్నారు. కుటుంబం పిలిస్తే ఆ హోరు అంత్యక్రియల్లో భాగం, పిలవకపోతే కాదు. అంటే నిర్ణయం ప్రభుత్వం చేతిలోంచి కుటుంబం చేతిలోకి వెళ్లింది. నాకిది తెలివైన పద్ధతి అనిపిస్తుంది. ఆ గంటకు ఆ చోటు ఎవరిదో చెబుతుంది, మాటలో ఏముందో అడగదు.

14. నిర్వాహకుడు

పైన ఒక సభ్యుడు ఆ చర్చి ప్లకార్డుల్లోని బూతు పదాలను యథాతథంగా తెలుగు చేసి వరుసగా పెట్టారు. ఆ వ్యాఖ్య తొలగించాను. వాదనకు అవసరమైనంత ఉటంకించండి, చాలు.

15. గట్టుమీద

వాక్ స్వాతంత్ర్యం మీద చర్చలో మొదటి కత్తెర పడింది. నిర్వాహకుడు గారు అలీటో పక్షం అని తేలిపోయింది!

16. నిర్వాహకుడు

అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ప్రభుత్వానికి పగ్గం వేస్తుంది, నాకు కాదు. ఇక్కడ తొలగిస్తే మీరు మరోచోట రాసుకోవచ్చు. జైలుకు పంపే అధికారం నాకు లేదు. ఉండకూడదు కూడా. చర్చ కొనసాగించండి.

17. ఎడమగట్టు

ఇంతవరకు అందరూ చనిపోయినవాడు బలహీనుడు, నిరసనకారుడు దుర్మార్గుడు అనుకునే మాట్లాడారు. తారుమారు చేసి చూడండి. చనిపోయింది అధికారంలో ఉన్నవారైతే?

2013 ఏప్రిల్‌లో లండన్‌లో మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ శవపేటిక వీధిలో వెళ్తుంటే కొందరు వీపు తిప్పి నిలబడ్డారు. ఆమె విధానాలతో ఉపాధి పోయినవారికి ఆమె గురించి ఒక మాట చెప్పే చివరి అవకాశం అది. ఆ ఊరేగింపు ప్రభుత్వ ఖర్చుతో, సైనిక లాంఛనాలతో, టీవీల్లో ప్రత్యక్ష ప్రసారంతో జరిగింది. నాయకుడి మరణాన్ని ప్రభుత్వమే బహిరంగ ప్రకటనగా మార్చినప్పుడు, దానికి జవాబు చెప్పకూడదనడం ఎలా న్యాయం?

2022 సెప్టెంబరులో రాణి ఎలిజబెత్ చనిపోయినప్పుడు ఏం జరిగింది? ఎడిన్‌బరోలో శవపేటిక వెనక నడుస్తున్న ప్రిన్స్ ఆండ్రూ మీద అరిచిన యువకుడిని అరెస్టు చేశారు. లండన్‌లో పార్లమెంటు ఎదుట ఒక న్యాయవాది ఖాళీ తెల్ల కాగితం పట్టుకుంటే, దాని మీద రాజుకు వ్యతిరేకంగా రాస్తే అరెస్టు కావచ్చని పోలీసు చెప్పాడు. ఖాళీ కాగితం! గౌరవం పేరుతో ఇచ్చిన అధికారం ఎంత వేగంగా పెరుగుతుందో చూశారా? శారద గారు కోరుతున్న చట్టం ఆ తండ్రి కంటే ముందు రాజుగారికి ఉపయోగపడుతుంది.

18. శారద_ఎం

నేను కోరింది రాజుగారి కోసం కాదు. నేను మొదటి నుంచీ మామూలు మనిషి గురించే మాట్లాడుతున్నాను. రాజకీయ నాయకులకు, రాజులకు బతికున్నప్పటి విమర్శ చచ్చాక కూడా తప్పదు, ఒప్పుకుంటాను. థాచర్‌కు వీపు తిప్పినవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వారు ఆమె కుటుంబం చెవిలో అరవలేదు, వీపు తిప్పారంతే.

చట్టంలో ఆ తేడా రాయడం అసాధ్యమా? పరువునష్టం కేసుల్లో ప్రజా జీవితంలో ఉన్నవారికి ఒక కొలత, మామూలు మనుషులకు ఇంకో కొలత ఎప్పటి నుంచో ఉన్నాయి. అలీటో అడిగింది అదే. ఇరవై ఏళ్ల సైనికుడు, అతని తండ్రి ప్రజా ప్రముఖులు కారు. కొడుకు చనిపోయాడని విలేకరి అడిగితే నాలుగు మాటలు చెప్పినంత మాత్రాన తండ్రి ప్రముఖుడైపోడు.

19. రెండోఆలోచన

విమర్శ బయటి నుంచే రావాలని లేదు కూడా. 2006 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెటా స్కాట్ కింగ్ అంత్యక్రియల్లో పౌరహక్కుల నాయకుడు రెవరెండ్ జోసెఫ్ లోవరీ వేదిక మీద నుంచే ఇరాక్ యుద్ధాన్ని ఎండగట్టారు. అధ్యక్షుడు బుష్ వెనకే కూర్చుని ఉన్నారు. హాలు లేచి చప్పట్లు కొట్టింది. ఇది అమర్యాద అని మర్నాడు కొందరు వ్యాఖ్యాతలు గగ్గోలు పెట్టారు. జీవితమంతా నిరసనలో గడిపిన మనిషిని నిరసన లేకుండా సాగనంపడమే వింతగా ఉండేది. మాథ్యూ స్నైడర్ చనిపోయింది ఆ తర్వాత నెల తిరగకుండానే, అదే యుద్ధంలో.

20. పొలిమేర

నాకు ఈ చర్చలో భయం కలిగించేది వేరే. అంత్యక్రియలే నిరసన అయిన సందర్భాలు చరిత్ర నిండా ఉన్నాయి. అక్కడ నిరసన తెలిపేది కుటుంబమే, నోరు మూయించేది ప్రభుత్వం.

1955లో మిసిసిపీలో 14 ఏళ్ల నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్‌ను చిత్రహింసలు పెట్టి చంపారు. షికాగోలో తల్లి శవపేటిక మూత తెరిచే ఉంచమన్నారు. తన కొడుకుకు ఏం చేశారో లోకం చూడాలన్నారు. వేలమంది చూశారు, ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. "మృతదేహానికి గౌరవం" అన్న నియమం ఆ రోజు ఎవరైనా ఆమె మీద ప్రయోగించి ఉంటే? 1985లో దక్షిణాఫ్రికాలో జాతివివక్ష ప్రభుత్వం అదే చేసింది. అల్లర్లలో చనిపోయినవారి అంత్యక్రియలను ఆరుబయట జరపకూడదంది, రాజకీయ ప్రసంగాలు నిషేధించింది. మిగతా సభలన్నీ నిషేధించాక జనానికి మిగిలినది శ్మశానమే కాబట్టి దాన్నీ మూసేసింది. 1992లో ఎయిడ్స్‌తో చనిపోయిన తమవారి అస్థికలను కొందరు వైట్‌హౌస్ పచ్చిక మీద చల్లారు. మందుల కోసం అరిచి అరిచి అలసినవారి పని అది.

భారతదేశంలో 2023లో రాజస్థాన్ శాసనసభ మృతదేహ గౌరవ చట్టం చేసింది. మృతదేహాన్ని ముందు పెట్టుకుని ఆందోళన చేస్తే, చేయనిస్తే, కుటుంబ సభ్యులకు రెండేళ్ల వరకు, బయటివారికి ఐదేళ్ల వరకు జైలు. మృతదేహంతో రాజకీయ బేరసారాలు జరుగుతాయి, అది అబద్ధం కాదు. కానీ ఆసుపత్రిలోనో లాకప్పులోనో మనిషి పోతే, విచారణ జరిపిస్తామని ఎవరైనా మాట ఇచ్చేవరకు కదలమని కూర్చునే పేద కుటుంబం చేతిలో ఇంకేముంది? శారద గారు చెప్పే ఆ తండ్రికి రక్షణ ఇవ్వడానికి రాసిన వాక్యం ఈ తల్లికి సంకెల అవుతుంది.

21. శారద_ఎం

పొలిమేర గారూ, రాజస్థాన్ చట్టం గురించి మీతో నాకు పేచీ లేదు. అది కుటుంబం నోరు మూస్తుంది. నేను అడుగుతున్నది కుటుంబానికి ఆ గంట ఇవ్వమని. న్యాయవాది గారు చెప్పిన "అంత్యక్రియల్లో భాగం" అన్న కొలతే పెట్టండి. ఎమెట్ టిల్ తల్లి నిర్ణయం అంత్యక్రియల్లో భాగం. ఫెల్ప్స్ ప్లకార్డు కాదు. దీనికి మాటలో ఏముందో చూడాల్సిన అవసరమే లేదు.

22. పొలిమేర

కుటుంబం రెండుగా చీలిపోతే? భార్య ఒకటి, తండ్రి ఒకటి కోరితే? ఇది ఊహ కాదు. ఆ మేరీల్యాండ్ కుటుంబంలోనే తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నవారు. చర్చివారు దాన్ని కూడా తమ రాతల్లో వాడుకున్నారు.

23. తెరవెనుక

పొలిమేర గారు చివర్లో చెప్పిన ఆ రాతల దగ్గరే ఆగాలి. అంత్యక్రియల తర్వాత చర్చివారు తమ వెబ్‌సైటులో సుదీర్ఘమైన రాత ఒకటి పెట్టారు. తల్లిదండ్రులు ఆ బిడ్డను ఎలా పెంచారో, ఎందుకు పాపులో పేరు పెట్టి రాశారు. తండ్రి ఇంటర్నెట్‌లో కొడుకు పేరు వెతుకుతుంటే అది కంటపడింది. ప్లకార్డుల కంటే ఎక్కువ గాయం చేసింది అదే అయి ఉంటుందని నా అనుమానం. సుప్రీంకోర్టు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆయన న్యాయవాదులు పిటిషనులో ఆ అంశం లేవనెత్తలేదన్నది కారణం. అలీటో మాత్రం ప్లకార్డులను ఆ రాతతో కలిపే చదవాలన్నారు. కలిపి చదివితే ఇది ఒక కుటుంబం మీద దాడి అని తేలుతుంది. విడదీస్తే దేశం మీద వ్యాఖ్య.

అడుగుల లెక్కలన్నీ వీధికి సంబంధించినవి. నేడు అంత్యక్రియలు ప్రత్యక్ష ప్రసారమవుతాయి, కింద వ్యాఖ్యల పెట్టె తెరిచి ఉంటుంది. మరణించినవారి పేజీలో ఎవరో వచ్చి నవ్వు బొమ్మ పెడతారు. 300 అడుగులు అక్కడ ఎలా కొలుస్తారు? అమెరికాలో చనిపోయినవారి తరఫున పరువునష్టం దావా వేసే హక్కు లేదు. రాసింది చనిపోయినవారి గురించే అయితే బతికున్నవారికీ లేదు. "టీవీ చూడకపోవడం మన చేతిలో ఉంది" అని మైలురాయి గారు అన్నారు. కొడుకు పేరు వెతకని తండ్రి ఉంటాడా?

24. పాతన్యాయవాది

ఇది కష్టమైన చోటు. ఒక ఆధారం మాత్రం ఉంది. 2004లో ఫేవిష్ కేసులో అదే సుప్రీంకోర్టు, మృతుడి భౌతికకాయం ఫొటోలు బయటపెట్టకుండా ఉండడంలో కుటుంబానికి సొంత గోప్యత హక్కు ఉందని ఏకగ్రీవంగా చెప్పింది. చనిపోయినవాడి హక్కు కాదు, మిగిలినవారి హక్కు. తమ మృతులను తలచుకునే తీరును బయటివారు చెడగొట్టకుండా చూసుకోవడం అన్ని నాగరికతల్లోనూ ఉందని అందులో రాశారు. ఆ కేసు ప్రభుత్వ దస్త్రాల వరకే. దాన్ని వెబ్‌సైట్ల మీదికి లాగాలంటే ఎవరో ఒకరు కొత్త దావా వేసి, చాలా ఏళ్లు పోరాడాలి.

స్నైడర్ తీర్పులో జస్టిస్ బ్రయర్ విడిగా రాసిన రెండు మూడు పేజీలు కూడా చదవండి. తీర్పుతో ఏకీభవిస్తూనే, ఇది వీధిలో ప్లకార్డుల వరకే, టీవీ ప్రసారానికీ ఇంటర్నెట్‌కూ ఇదే సమాధానమని అనుకోవద్దని హెచ్చరించారు. ఆ దారి ఇంకా మూసుకోలేదు.

25. వాదప్రియ

నేను అడిగిన ప్రశ్నకు ఇన్ని వైపుల నుంచి జవాబులు వస్తాయనుకోలేదు. ఇంకొకటి మిగిలింది. దూరం సరే, శబ్దం సంగతి? 500 అడుగుల అవతల లౌడ్‌స్పీకరు పెడితే?

26. పాతన్యాయవాది

దానికి జవాబు పాతదే. 1949లోనే వీధుల్లో తిరిగే లౌడ్‌స్పీకరు బండ్ల మీద ఆంక్షను కోర్టు నిలబెట్టింది. 1989లో న్యూయార్క్ పార్కు కచేరీల శబ్దం మీద నగరం పెట్టిన నియంత్రణను కూడా. మాట ఏదైనా శబ్దాన్ని తగ్గించమనవచ్చు. అంత్యక్రియల దగ్గర ఆ అధికారం ఇంకా గట్టిగా నిలుస్తుంది. పోలీసులకు అడుగులు కొలిచే టేపు కంటే శబ్దం కొలిచే యంత్రమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

27. శారద_ఎం

మీ అందరి జవాబులూ చదివాను. దూరం, సమయం, శబ్దం, కుటుంబం మాట: ఈ నాలుగూ నాకు సమ్మతమే. కానీ పేరు పెట్టి ఒక మామూలు కుటుంబాన్ని గాయపరిచినవారు పైసా చెల్లించకుండా బయటపడడం, గాయపడినవాడికి ఖర్చుల బిల్లు రావడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. నేను అలీటోతోనే ఉంటాను. తెరవెనుక గారు చెప్పిన వెబ్‌సైటు రాత మీద విడిగా చర్చ పెట్టండి, వస్తాను.

28. గట్టుమీద

పెట్టేటప్పుడు రాజస్థాన్ చట్టాన్ని అందులో కలపకండి. దానికి ఇంకో చర్చ కావాలి. పొలిమేర గారు మొదలుపెడితే సగం మంది అటు వస్తాం.